పేరులో ‘మెడికల్‌’ ఉందని...

బయోమెడికల్‌ ఇంజినీరింగ్‌... డాక్టరు సీటు చేజారినవాళ్లకు ఊరటా? కంప్యూటర్‌ సైన్స్‌ రానివాళ్లకు సర్దుబాటా? రెండూ కాదు. అదో ప్రత్యేకమైన దారి. ఆ దారిలో అడుగుపెట్టే ముందు అమ్మానాన్నలూ పిల్లలూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతులు చాలానే ఉన్నాయి.

ఖమ్మంలో ఓ మధ్యతరగతి ఇల్లు. రాత్రి తొమ్మిదిన్నర అయింది. భోజనాలు అయ్యాయిగానీ కంచాలు ఇంకా తీయలేదు. డైనింగ్‌ టేబుల్‌ మీద లాప్‌టాప్‌, దాని పక్కన ర్యాంకు కార్డు, కాలేజీల పేర్లు రాసుకున్న నోటుపుస్తకం. ఇంజినీరింగ్‌ కౌన్సెలింగ్‌లో వెబ్‌ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఇంకా నాలుగు రోజులే గడువు.

‘‘సీఎస్‌ఈ ఎక్కడొస్తే అక్కడ పెట్టెయ్‌ తల్లీ. ఆలోచించడానికేముంది?’’ జిరాక్స్‌ షాపు నడిపే నాన్న మాట అది.

‘‘మాకిక్కడ బయోమెడికల్‌ అంటే మంచి పేరన్నయ్యా. మెడిసిన్‌లోకి కూడా వెళ్లొచ్చు’’ డాలస్‌ నుంచి ఫోన్లో బాబాయి సలహా.

‘‘ఇక్కడ వెళ్లడానికి లేదు. మళ్లీ నీట్‌ రాయాల్సిందే’’ అమ్మాయి సమాధానం.

అమ్మ మాత్రం ఏమీ మాట్లాడలేదు. ఆమె ఓ ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్‌ నర్సు. పసిపిల్లల వార్డులో డ్యూటీ. కాసేపయ్యాక అంది... ‘‘మా వార్డులో ఓ వార్మర్‌ మూణ్నెల్లుగా మూలనుంది. దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంచాం. కిందటివారం ఓ కుర్రాడు వచ్చి అరగంటలో బాగుచేసి వెళ్లాడు. పోయింది చిన్న సెన్సరేనట. ఆ కుర్రాడు చదివింది ఇదే.’’

ఆ ఇంట్లో చర్చ అక్కడ మలుపు తిరిగింది. అప్పటిదాకా ‘ఈ కోర్సు చదివితే ఏమొస్తుంది’ అనే మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ‘అసలు ఈ కోర్సు చదివినవాళ్లు ఏం చేస్తారు’ అన్న ప్రశ్న మొదలైంది. నిజానికి ముందు అడగాల్సిన ప్రశ్న అదే.

వేలికి పెట్టిన చిన్న డబ్బీ

2020, 2021 సంవత్సరాలను ఏ కుటుంబమూ మర్చిపోలేదు. కరోనా రోజుల్లో థర్మామీటరు లేని ఇళ్లలోకి కూడా ఒక చిన్న పరికరం వచ్చి చేరింది... పల్స్‌ ఆక్సీమీటర్‌. వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్‌ శాతం చెప్పేది. ‘94 ఉందా, 90కి పడిపోయిందా’ అని రాత్రంతా చూసుకుంటూ కూర్చున్నవాళ్లెందరో.

దాని వెనకున్న సూత్రాన్ని కనిపెట్టింది డాక్టరు కాదు. జపాన్‌కు చెందిన టకువో అవోయాగి అనే ఇంజినీరు. నిహాన్‌ కోడెన్‌ అనే వైద్య పరికరాల కంపెనీలో పనిచేసేవాడాయన. చెవి తమ్మె గుండా కాంతిని పంపి గుండె పనితీరును కొలవాలని ప్రయత్నిస్తుంటే, నాడి కొట్టుకున్నప్పుడల్లా గీతలో ఎగుడుదిగుళ్లు వచ్చి లెక్క చెడిపోయేది. వాటిని వదిలించుకునే ప్రయత్నంలో ఉండగా ఆయనకో ఆలోచన తట్టింది. ఆ ఎగుడుదిగుళ్లు ధమనుల్లో పారే రక్తం వల్లే కదా వస్తున్నాయి. రెండు రకాల కాంతితో వాటినే కొలిస్తే ఆక్సిజన్‌ ఎంతుందో తెలిసిపోతుంది! 1974లో ఆ ఆవిష్కరణ వెలుగు చూసింది. ప్రపంచమంతా ఆ పరికరం కోసం వెతుకుతున్న 2020 ఏప్రిల్‌లోనే ఆయన కన్నుమూశాడు.

ఈ కథకు ఇంకో సగం కూడా ఉంది. అదే ఏడాది డిసెంబరులో అమెరికా పరిశోధకులు ఓ సంగతి బయటపెట్టారు. నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్‌ పడిపోయినా ఆ పరికరం పట్టుకోలేకపోయిన సందర్భాలు శ్వేతజాతీయులతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా ఉన్నాయని. చర్మం రంగు కాంతి లెక్కను మార్చేస్తోందన్నమాట. పరికరాన్ని తయారుచేయడంతో ఇంజినీరు పని అయిపోదు. అది ఎవరి ఒంటి మీద ఎలా పనిచేస్తుందో చూసుకోవడమూ అందులో భాగమే. బయోమెడికల్‌ ఇంజినీరింగ్‌ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఏం చదువుతారు?

పేరు ఒకటే అయినా ఇందులో నాలుగైదు చదువులు కలిసి ఉంటాయి. మొదటిది, పరికరాల ఎలక్ట్రానిక్స్‌. గుండె నుంచి వచ్చే ఈసీజీ సంకేతం ఒక మిల్లీవోల్టు ఉంటే గొప్ప. మెదడు సంకేతాలైతే అందులో వందోవంతు స్థాయిలోనే ఉంటాయి. చుట్టూ గోడల్లో 230 వోల్టుల కరెంటు పారుతుంటుంది. ఆ రొద మధ్యలో ఈ గుసగుసను విడదీసి పట్టుకోవాలి. సెన్సర్లు, యాంప్లిఫయర్లు, సిగ్నల్‌ ప్రాసెసింగ్‌... ఇదంతా ఎలక్ట్రానిక్స్‌ వాళ్లకు దగ్గరి చుట్టం.

రెండోది ఇమేజింగ్‌. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్‌, సీటీ, ఎంఆర్‌ఐ. ఇక్కడ గణితానిదే రాజ్యం. సీటీ స్కానర్‌ను తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌ కూడా డాక్టరు కాదు, ఇంజినీరే. 1971లో తొలి రోగి మెదడును ఆ యంత్రంతో తీశారు. 1979లో భౌతిక శాస్త్రవేత్త అలన్‌ కార్మాక్‌తో కలిపి ఆయనకు నోబెల్‌ ఇచ్చారు. ఇచ్చింది వైద్యశాస్త్రంలో!

మూడోది బయోమెకానిక్స్‌. ఎముకలు, కీళ్లు, నడక. కృత్రిమ అవయవాలూ క్యాలిపర్లూ దీని కిందికే వస్తాయి. అబ్దుల్‌ కలాం తరచూ గుర్తుచేసుకున్న ఓ సంఘటన హైదరాబాద్‌దే. నిమ్స్‌లోని ఎముకల డాక్టరొకరు ఆయన లేబొరేటరీకి వచ్చి, క్షిపణి కోసం తయారుచేసిన తేలికపాటి పదార్థాన్ని చేత్తో పట్టుకుని చూశారు. వెంటనే కలాంను తన ఆసుపత్రికి తీసుకెళ్లి, దాదాపు మూడు కిలోల లోహపు క్యాలిపర్లతో కాళ్లీడ్చుకుంటున్న పిల్లల్ని చూపించారు. కొద్ది వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు సిద్ధమయ్యాయి. పిల్లలు పరుగెత్తారు.

నాలుగోది బయోమెటీరియల్స్‌. శరీరం లోపల పెట్టినా చెడిపోని, శరీరం కాదనని పదార్థాలు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్‌ సంస్థలో డాక్టర్‌ వలియత్తాన్‌ సారథ్యంలో ఇంజినీర్లూ వైద్యులూ ఏళ్ల తరబడి కష్టపడి కృత్రిమ గుండె కవాటాన్ని రూపొందించారు. మొదట చేసిన నమూనాలు విఫలమయ్యాయి. 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చారు. దిగుమతి కవాటం కొనుక్కోలేని ఎన్నో గుండెలకు అది ఆసరా అయింది.

వీటికితోడు శరీర నిర్మాణం, శరీర ధర్మశాస్త్రం కూడా చదవాలి. అంటే, గణితం భయపెట్టినా కష్టమే, జీవశాస్త్రం విసుగనిపించినా కష్టమే. రెండింటి మీదా ఇష్టం ఉన్నవాళ్లకే ఇది నప్పుతుంది.

చుట్టాలు వేరు, వరసలు వేరు

చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే పొరపడతారు. బయోటెక్నాలజీ వేరు, ఇది వేరు. అందులో కణాలు, ఎంజైములు, వ్యాక్సిన్ల లాంటివి ఉంటాయి. ఇందులో పరికరాలు, సంకేతాలు, పదార్థాలు. రేడియాలజీ టెక్నీషియన్‌ తరహా పారామెడికల్‌ కోర్సులూ వేరే. వాళ్లు యంత్రాన్ని రోగి మీద ఉపయోగిస్తారు. ఆ యంత్రాన్ని తయారుచేసేవాళ్లూ, పరీక్షించేవాళ్లూ, అది ఆగిపోకుండా చూసేవాళ్లూ బయోమెడికల్‌ ఇంజినీర్లు.

అన్నిటికన్నా పెద్ద అపోహ ఇంకోటుంది. ‘పేరులో మెడికల్‌ ఉంది కదా, డాక్టరుకు దగ్గరే’ అన్నది. అమెరికాలో డిగ్రీ పూర్తిచేశాకే మెడికల్‌ స్కూల్‌కు వెళ్తారు. అందుకే అక్కడ బయోమెడికల్‌ చదివి తర్వాత వైద్యవిద్యలోకి వెళ్లేవాళ్లు కనిపిస్తారు. డాలస్‌ బాబాయి చెప్పింది అక్కడికి నిజమే. మన దగ్గర ఎంబీబీఎస్‌కు దారి ఒక్కటే, నీట్‌. బీటెక్‌ నాలుగేళ్లూ చదివినా ఆ తలుపు తెరుచుకోదు. కాబట్టి ఎంబీబీఎస్‌ రాలేదన్న దిగులును దాచుకోవడానికి పిల్లల్ని ఈ కోర్సులో చేర్పించకూడదు. తెల్లకోటు కల తీరదు సరికదా, రెండో సెమిస్టర్‌లో నెట్‌వర్క్‌ థియరీ వచ్చి ఎదురుగా కూర్చుంటుంది.

ఎక్కడ చదవొచ్చు?

తెలంగాణలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్‌ కళాశాలలో బయోమెడికల్‌ విభాగం ఉంది. నర్సాపూర్‌లోని బి.వి.రాజు ఇన్‌స్టిట్యూట్‌లోనూ ఈ బ్రాంచి ఉంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్‌ ఇంజినీరింగ్‌ బీటెక్‌ ఉంది, దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్‌ ర్యాంకు కావాలి. ఎన్‌ఐటీల్లో రవుర్కెలా, రాయ్‌పుర్‌లలో చదవొచ్చు. దక్షిణాదిన చెన్నైలోని గిండీ ఇంజినీరింగ్‌ కళాశాల, కోయంబత్తూరులోని పీఎస్‌జీ, మణిపాల్‌... ఇలా పేరున్నవి మరికొన్ని ఉన్నాయి. ఐఐటీ మద్రాసు 2023లో మెడికల్‌ సైన్సెస్‌ అండ్‌ ఇంజినీరింగ్‌ పేరుతో నాలుగేళ్ల బీఎస్‌ కోర్సును మొదలుపెట్టింది. దానికి జేఈఈతో కాకుండా ఐసర్‌ ఆప్టిట్యూడ్‌ టెస్ట్‌తో ప్రవేశం.

ప్రధానంగా ఎంపీసీ వాళ్లదే అయినా, తెలంగాణలో బైపీసీ విద్యార్థులకు విడిగా జరిపే ఎప్‌సెట్‌ కౌన్సెలింగ్‌లో ఫార్మసీ, బయోటెక్నాలజీలతోపాటు బయోమెడికల్‌ సీట్లకూ చోటుంది. ఏ కాలేజీలో ఎన్ని సీట్లన్నది ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. బైపీసీ నుంచి వచ్చేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఇంటర్‌లో వదిలేసిన గణితాన్ని ఇక్కడ మళ్లీ మొదటి నుంచీ పట్టుకోవాల్సి ఉంటుంది. పాలిటెక్నిక్‌ డిప్లొమా చేసినవాళ్లకు ఈసెట్‌ దారి ఎలాగూ ఉంది.

మరో దారి కూడా ఉంది. బీటెక్‌లో ఈసీఈ, ఈఈఈ, మెకానికల్‌ లాంటివి చదివి, పీజీలో ఇటు రావడం. అవోయాగి చదివింది ఎలక్ట్రికల్‌ ఇంజినీరింగే కదా! ఐఐటీ మద్రాసు, వెల్లూరు సీఎంసీ, శ్రీచిత్ర మూడూ కలిసి క్లినికల్‌ ఇంజినీరింగ్‌లో ఎంటెక్‌ నడుపుతున్నాయి. ఆసుపత్రిలో ఉంటూ నేర్చుకునే చదువది. గేట్‌లో బయోమెడికల్‌కు 2020 నుంచి ప్రత్యేకంగా పేపరే పెట్టారు. మంచి కాలేజీలో ఈసీఈ, అంతంతమాత్రం కాలేజీలో బయోమెడికల్‌... రెండింట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే, ఈ రంగం మీద ఇష్టమున్నవాళ్లు కూడా మొదటిదాన్నే తీసుకోవచ్చు. దారి మూసుకుపోదు.

ఉద్యోగాల మాటేమిటి?

నాన్నలు అడిగే ప్రశ్న ఇదే. అడగాల్సిందే కూడా. నిజం చెప్పాలంటే, కాలేజీ బ్రోచర్లలో రాసినంత తేలిగ్గా ఉద్యోగాలు ఉండవు. అలాగని పక్కింటాయన భయపెట్టినంత కరవూ లేదు.

తొలి మెట్టు ఆసుపత్రులు. పెద్ద ఆసుపత్రుల్లో బయోమెడికల్‌ విభాగం ఉంటుంది. నాణ్యతకు సంబంధించి ఎన్‌ఏబీహెచ్‌ గుర్తింపు కావాలంటే పరికరాల నిర్వహణ, కాలిబ్రేషన్‌ పక్కాగా ఉండి తీరాలి. ప్రభుత్వ రంగంలో సంగతి చూస్తే, జాతీయ ఆరోగ్య మిషన్‌ రాష్ట్రాల్లో లెక్క తీసినప్పుడు 13 నుంచి 34 శాతం దాకా వైద్య పరికరాలు పనిచేయడం లేదని తేలింది. అందుకే 2015లో పరికరాల నిర్వహణకు ప్రత్యేక కార్యక్రమాన్ని తెచ్చారు. ఖమ్మం అమ్మ చెప్పిన ‘గుడ్డ కప్పిన వార్మర్‌’ ఒక్క ఊరి కథ కాదన్నమాట. పని చాలా ఉంది. కాకపోతే ఈ ఉద్యోగాల్లో మొదట్లో జీతాలు తక్కువ, తిరుగుడు ఎక్కువ. అర్ధరాత్రి ఆపరేషన్‌ థియేటర్‌ నుంచి ఫోనొస్తే లేచి వెళ్లాలి.

రెండోది కంపెనీలు. వైద్య పరికరాల్లో ఎక్కువ భాగాన్ని మన దేశం ఇంకా దిగుమతి చేసుకుంటూనే ఉంది. ఆ పరిస్థితిని మార్చాలన్న ప్రయత్నాల్లో తెలుగు రాష్ట్రాలకు పెద్ద చోటే ఉంది. విశాఖపట్నంలో 270 ఎకరాల్లో మెడ్‌టెక్‌ జోన్‌ ఉంది. 2018 డిసెంబరులో దాన్ని ప్రారంభించారు. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో మెడికల్‌ డివైజెస్‌ పార్కు ఉంది, స్టెంట్ల తయారీ పరిశ్రమ కూడా అక్కడికి వచ్చింది. హైదరాబాద్‌లోని తన ఇంజినీరింగ్‌ కేంద్రం విస్తరణకు రూ.1200 కోట్లు పెడతామని మెడ్‌ట్రానిక్‌ 2020లో ప్రకటించింది. బెంగళూరులో జీఈ, ఫిలిప్స్‌, సీమెన్స్‌ల కేంద్రాలున్నాయి. అయితే ఈ సంస్థలు బయోమెడికల్‌ వాళ్లనే తీసుకుంటాయనుకోవద్దు. ఈసీఈ, మెకానికల్‌, కంప్యూటర్‌ సైన్స్‌ వాళ్లూ అదే వరసలో నిలబడతారు. వాళ్లకన్నా ఒక అడుగు ముందుండాలంటే శరీరమూ తెలియాలి, కోడింగూ రావాలి.

మూడోది చాలామందికి తెలియని దారి... నియంత్రణ, నాణ్యత. ఒకప్పుడు మన దేశంలో కొన్ని రకాల పరికరాలకే చట్టం వర్తించేది. 2020 ఏప్రిల్‌ 1 నుంచి వైద్య పరికరాలన్నిటినీ ఔషధాల చట్టం పరిధిలోకి తెచ్చారు. ప్రమాద స్థాయిని బట్టి ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు చేశారు. 2022 అక్టోబరు నుంచి మొదటి రెండింటికీ, 2023 అక్టోబరు నుంచి మిగతా రెండింటికీ లైసెన్సు తప్పనిసరి చేశారు. దాంతో పరీక్షలు చేసి, పత్రాలు సిద్ధంచేసి, అనుమతులు తేగలిగినవాళ్ల అవసరం కంపెనీలకు పెరిగింది.

ప్రభుత్వరంగ సంస్థల్లో చేరాలన్నది మీ లక్ష్యమైతే మాత్రం ముందే ఆలోచించుకోవాలి. గేట్‌ స్కోరుతో జరిపే నియామకాల్లో మెకానికల్‌, ఎలక్ట్రికల్‌, సివిల్‌ లాంటి పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి. విదేశాల్లో ఎమ్మెస్‌ అనుకునేవాళ్లు కూడా అప్పు లెక్క వేసుకున్నాకే అడుగు వేయాలి. అమెరికాలో విటేకర్‌ ఫౌండేషన్‌ అనే సంస్థ 1975 నుంచి 2006 దాకా వందల మిలియన్ల డాలర్లు ఖర్చుపెట్టి విశ్వవిద్యాలయాల్లో ఈ విభాగాలకు బలమైన పునాది వేసింది. అందువల్ల అక్కడ చదువుకు లోటు లేదు. చదువయ్యాక ఉద్యోగం, వీసా అన్నవి వేరే లెక్కలు.

కాలేజీని ఇలా అడగండి

సీటు తీసుకునే ముందు ఒక్కసారి కాలేజీకి వెళ్లి రండి. బస్సు ఛార్జీలకు అయ్యే ఖర్చు నాలుగేళ్ల ఫీజుతో పోలిస్తే ఏపాటిది? వెళ్లినప్పుడు అడగాల్సినవి ఇవి.

ల్యాబ్‌ తలుపు తీసి చూపించమనండి. ఈసీజీ యంత్రం, పేషెంట్‌ మానిటర్‌, డీఫిబ్రిలేటర్‌ ఉన్నాయా అన్నది ఒక ప్రశ్న. విద్యార్థులు వాటి మూత విప్పి లోపల చూడొచ్చా అన్నది అసలు ప్రశ్న. అద్దాల బీరువాలో పెట్టి తాళమేసిన యంత్రం చదువు చెప్పదు. ఎలక్ట్రికల్‌ సేఫ్టీ ఎనలైజర్‌ లాంటి పరీక్ష పరికరాలు ఉన్నాయేమో చూడండి. అవి ఉంటే ఆ విభాగం పనిని సీరియస్‌గా తీసుకుంటున్నట్టే.

ఏ ఆసుపత్రితో ఒప్పందం ఉందో అడగండి. గోడ మీద ఎంఓయూ ఫొటో చూసి వచ్చేయొద్దు. విద్యార్థులు నాలుగేళ్లలో ఎన్ని వారాలు ఆసుపత్రిలో గడుపుతారో, అక్కడ ఏం చేయనిస్తారో కనుక్కోండి. ఆసుపత్రి గడప తొక్కకుండా ఈ కోర్సు పూర్తిచేయడమంటే నీళ్లలో దిగకుండా ఈత నేర్చుకోవడమే.

సిలబస్‌ను మీరే చదవండి. విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఎలక్ట్రానిక్స్‌ ఎంత, ప్రోగ్రామింగ్‌ ఎంత, శరీరశాస్త్రం ఎంత... పెన్సిల్‌తో గీతలు గీసుకుంటే ఆ కోర్సు ఎటు మొగ్గుతోందో అర్థమవుతుంది. అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చదివితే వేరే విభాగంలో మైనర్‌ డిగ్రీ తీసుకునే వీలును ఏఐసీటీఈ కల్పించింది. ఆ కాలేజీలో కంప్యూటర్‌ సైన్స్‌ మైనర్‌ ఉందేమో అడగండి.

పాఠాలు చెప్పేదెవరు? విభాగంలో ఎంతమంది అధ్యాపకులున్నారు, అందులో బయోమెడికల్‌ చదివినవాళ్లెందరు? అందరూ పక్క విభాగం నుంచి అరువొచ్చినవాళ్లే అయితే ఆలోచించాల్సిందే.

ఎన్‌బీఏ ఉందా? నాక్‌ గ్రేడు మొత్తం కాలేజీకి ఇచ్చేది. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో కోర్సుకు విడివిడిగా ఇస్తారు. ‘మా కాలేజీకి ఎన్‌బీఏ ఉంది’ అంటే సరిపోదు. బయోమెడికల్‌కు ఉందా అన్నదే ముఖ్యం.

చివరిగా, సీనియర్లతో మాట్లాడండి. ప్లేస్‌మెంట్‌ ఫ్లెక్సీ మీద బొమ్మలుంటాయి, లెక్కలుండవు. కిందటి మూడు బ్యాచుల్లో ఎంతమంది ఆసుపత్రులకో, పరికరాల కంపెనీలకో వెళ్లారు, ఎంతమంది ఐటీలోకి మారారు, ఎంతమంది ఇంకా వెతుకుతున్నారు... క్యాంటీన్‌ దగ్గర నిలబడి ఓ అరగంట మాట్లాడితే తెలిసిపోతుంది.

ఎవరికి నప్పుతుంది?

పాడైన మిక్సీని విప్పి చూడాలనిపించేవాళ్లకు, ఆసుపత్రికి వెళ్లినప్పుడు మంచం పక్కనున్న మానిటర్‌లో గీతలెందుకు అలా కదులుతున్నాయో తెలుసుకోవాలనిపించేవాళ్లకు ఇది బాగా నప్పుతుంది. నాలుగేళ్లు కాగానే మొదటి నెల జీతంతోనే అప్పు తీర్చాల్సిన ఇంట్లో పిల్లలకు మాత్రం, కోర్‌ బ్రాంచీతో మొదలుపెట్టి పీజీలో ఇటు రావడమే నిబ్బరమైన దారి. రెండూ మర్యాదైన దారులే. తప్పంతా ఏమీ కనుక్కోకుండా, పేరు చూసి సీటు తీసుకోవడంలోనే ఉంది.

మళ్లీ ఖమ్మానికి వద్దాం. గడువులోపు అమ్మాయీ నాన్నా రెండు కాలేజీలు చూసొచ్చారు. షాపు రెండు రోజులు మూతపడింది. ఓ ప్రైవేటు కాలేజీలో మంచి భవనం ఉంది, ఏసీ సెమినార్‌ హాలుంది. ల్యాబ్‌ తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడన్నారు. సీనియర్లెవరైనా ఉన్నారా అంటే ఇద్దరు దొరికారు. ‘‘మూడో ఏడాదికొచ్చాం, ఆసుపత్రికి ఒక్కసారే తీసుకెళ్లారంకుల్‌’’ అన్నాడొకడు. తర్వాత ఓ ప్రభుత్వ విశ్వవిద్యాలయ కళాశాలకు వెళ్లారు. పాత గోడలు, పాత బల్లలు. వాటి మీద మూత విప్పిన ఈసీజీ యంత్రం, పక్కనే నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటున్న ఇద్దరమ్మాయిలు. నాన్న గుమ్మం దగ్గరే నిలబడి చాలాసేపు చూశాడు. షాపులో జిరాక్స్‌ మెషిన్‌ ఆగిపోతే ఆయన కూడా మూత అలాగే విప్పుతాడు మరి!

ఆ రాత్రి ఆప్షన్ల పట్టికలో మొదటి స్థానంలో ఆ ప్రభుత్వ కళాశాల బయోమెడికల్‌ చేరింది. రెండు నుంచి ఆరు దాకా మంచి కాలేజీల్లో ఈసీఈ. ఏసీ హాలున్న కాలేజీ బయోమెడికల్‌కు పట్టికలోనే చోటు దొరకలేదు. ర్యాంకు కొద్దిగా అటూఇటూగా ఉంది. మొదటిది రావచ్చు, రాకపోవచ్చు. ‘‘రాకపోతే?’’ అని అడిగాడు నాన్న.

‘‘ఈసీఈ చదివి నాలుగేళ్ల తర్వాత వస్తాను నాన్నా. అయినా అటే వెళ్తాను’’ అంది అమ్మాయి.

నైట్‌ డ్యూటీకి బయల్దేరుతున్న అమ్మ చెప్పులు వేసుకుంటూ ఆగింది. ‘‘వార్మర్‌లో ఇప్పుడు ఓ పాప ఉంది. కిలోన్నర కూడా లేదు. రాత్రంతా దాన్నే చూస్తూ కూర్చోవాలి’’ అని చెప్పి, టిఫిన్‌ బాక్సు అందుకుని మెట్లు దిగింది.

లోపల ‘సేవ్‌’ బటన్‌ నొక్కిన చప్పుడు వినిపించింది.